ఈ సంబంధం ఎందుకు కుదిరింది? ఒక చారిత్రక ప్రేమ నవలకు ఎడిటింగ్ చేసిన తీరు

పెద్దలు కుదిర్చిన పెళ్లిని ప్రేమ నవలగా రాయడంలో ఒక చిక్కుంది. మామూలు ప్రేమకథలో ఇద్దరూ చెరో చోట ఉంటారు, వాళ్లని కలపడమే కథ. ఇక్కడ మొదటి అధ్యాయంలోనే మూడు ముళ్లూ పడిపోతాయి. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉంటారు. మరి మిగతా పుస్తకమంతా పాఠకులు దేని కోసం చదవాలి? జవాబు దొరక్క చాలామంది బయటి నుంచి అడ్డంకులు తెచ్చిపెడతారు. దాచేసిన ఉత్తరం, అసూయపడే మేనమరదలు, ఒక అపార్థం, చివర్లో విషజ్వరం. నా దగ్గరికి ఎడిటింగ్‌కి వచ్చిన ఒక నవలలో ఈ నాలుగూ ఉన్నాయి. అచ్చయ్యేనాటికి ఒక్కటీ మిగల్లేదు. వాటి చోటులోకి ఏమొచ్చిందో, ఎలా వచ్చిందో వివరంగా రాస్తున్నాను. ఈ తరహా నవల రాస్తున్నవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం. నవల పేరు, రచయిత్రి పేరు ఆవిడ కోరిక మేరకు చెప్పడం లేదు.

కథాకాలం 1938–39. స్థలం పశ్చిమ గోదావరి జిల్లాలో కాలవ ఒడ్డున ఒక పల్లె. అబ్బాయి రాజమండ్రిలో బి.ఏ. చదివి, ఉద్యోగం దొరక్క ఊరికి తిరిగొచ్చినవాడు. ఆస్తిపరుడైన రైతు రెండో కొడుకు. అమ్మాయి చదువుకున్నది, కాంగ్రెస్ మనిషి కూతురు. మొదటి ప్రతిలో ఈ ఇద్దరి గురించి తెలిసింది దాదాపు ఇంతే. భాష చక్కగా ఉంది. వర్ణనలు ఉన్నాయి. వెన్నెల మరీ ఎక్కువగా ఉంది. అబ్బాయి మొదటి నుంచీ ముభావంగా ఉంటాడు. ఎందుకని అడిగితే "గంభీరమైన మనిషి అండీ" అన్నారు రచయిత్రి. అమ్మాయి బాధపడుతుంది. మేనమరదలు ఒక ఉత్తరం మాయం చేస్తుంది. అమ్మాయి పుట్టింటికి పోతుంది. అబ్బాయికి జ్వరం వస్తుంది, ఆమె వచ్చి సేవ చేస్తుంది, ప్రేమ పుడుతుంది.

ఆవిడకు నేను రాసిన మొదటి నోట్‌లో ముఖ్యమైన వాక్యం ఇది: "ఉత్తరం, మరదలు, జ్వరం తీసేసి చూడండి. ఇంకా ఈ ఇద్దరి మధ్య దూరం ఉంటే అది మీ నవల. లేకపోతే ఇంకా నవల మొదలు కాలేదు." కొంచెం కటువుగానే ఉంది, కానీ ఆవిడ నొచ్చుకోలేదు. "దూరం ఉందండీ, అది ఎక్కడుందో నాకు కనబడటం లేదు" అన్నారు. అక్కణ్ణుంచి పని మొదలైంది.

కొత్త దంపతుల మధ్య దూరాన్ని వాళ్ల స్వభావాల్లో వెతికితే దొరకదు, ఇంట్లో వెతకాలి అనేది నా అభిప్రాయం. ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎవరు ముందు భోంచేస్తారు, తాళంచెవి ఎవరి మొలకు ఉంది, ఎవరు ఎవరికి బాకీ. ఆ కాలపు ఉమ్మడి కుటుంబం గురించి రాసేటప్పుడు ఇవి నేపథ్యం కింద లెక్క కావు. కథ నడిచేదే వీటి మీద.

పెళ్లికూతురి వయసు

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఇది. మొదటి ప్రతిలో అమ్మాయి వయసు ఎక్కడా లేదు. రచయిత్రి కావాలనే దాటేశారు. చారిత్రక నవలలో ఈ దాటవేత కుదరదు. శారదా చట్టం 1929లో వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 కనీస వయసుగా పెట్టింది. అమలు కాకముందే ముడి వేసేయాలని ఆ ముందు నెలల్లో దేశమంతటా పెళ్లిళ్లు వెల్లువెత్తాయి. అంటే 1938లో కూడా చాలా ఇళ్లలో పెళ్లికూతురు చిన్నపిల్లే. పసిపిల్లను పీటల మీద కూర్చోబెట్టి దాన్ని ప్రేమకథ అనడానికి నేను ఒప్పుకోను. ఆ విషయం మొదటే స్పష్టంగా చెప్పాను. రచయిత్రిదీ అదే మాట. అమ్మాయికి 19, అబ్బాయికి 24 అని స్థిరపరిచాం.

అయితే అంకె మార్చి ఊరుకుంటే చాలదు. ఆ రోజుల్లో పల్లెటూరి ఆడపిల్లకు 19 ఏళ్లొచ్చినా పెళ్లి కాలేదంటే ఊరంతా కారణం అడుగుతుంది. పాఠకులూ అడుగుతారు. ఈ కారణం వెతకడంలోనే నవలకు వెన్నెముక దొరికింది.

అమ్మాయి 1919లో పుట్టింది. ఈడు పిల్లలందరికీ హడావిడిగా పెళ్లిళ్లు అవుతున్న 1930లో ఆమెకు పదకొండేళ్లు. తండ్రి ఆ తొందరలో పడలేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లాడు. 1931 మార్చిలో గాంధీ–ఇర్విన్ ఒడంబడిక తర్వాత బయటికొచ్చాడు. వచ్చేసరికి ధాన్యం ధర పడిపోయి ఉంది. ప్రపంచమంతా కమ్మిన ఆర్థిక మాంద్యం డెల్టా రైతు గాదెలోకీ వచ్చింది. శిస్తు మాత్రం డబ్బుగానే కట్టాలి. అప్పు చేశాడు. 1932లో మళ్లీ జైలుకు పోయాడు. కూతుర్ని గుంటూరు శారదా నికేతనంలో చేర్చాడు. ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో స్థాపించిన సంస్థ అది, జాతీయోద్యమంలో ఉన్న కుటుంబాల ఆడపిల్లలు చదువుకున్న చోటు. మొదటి ప్రతిలో "బాగా చదువుకుంది" అన్న ఒక్క ముక్క ఇలా ఒక చోటు, ఒక రైలు ప్రయాణం, ఒక అలవాటు అయింది. ఆమె తీరిక దొరికినప్పుడల్లా తకిలీతో నూలు వడుకుతుంది. అత్తింట్లో ఆ తకిలీ ఎవరికీ అర్థం కాని వస్తువు.

పెళ్లి ఆలస్యం కావడానికి కారణం అప్పు. ఇక ఆ అప్పు ఎవరి దగ్గర చేశాడన్నది తేలాలి.

సంబంధం వెనక లెక్క

ఇలాంటి నవల రాసేవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న "వీళ్లిద్దరూ ఎలా ప్రేమించుకుంటారు" అని కాదు, "ఈ రెండు కుటుంబాలూ ఎందుకు ఒప్పుకున్నాయి" అని. పెద్దలు కుదిర్చిన పెళ్లి అంటే పెద్దలకు ఒక కారణం ఉన్న పెళ్లి. ఆ కారణం రాయకపోతే వధూవరులు గాల్లోంచి ఊడిపడ్డట్టుంటారు. మొదటి ప్రతిలో "ఇరువైపులా నచ్చింది" అని ఒక వాక్యం రాసి వదిలేశారు. కట్నం ఇచ్చుకోలేని అప్పులవాడి కూతుర్ని, పందొమ్మిదేళ్ల పిల్లను, ఖద్దరు కట్టే పిల్లను, ఊళ్లో పెద్ద రైతు కోడలిగా ఎందుకు తెచ్చుకున్నాడు? దీని మీద మేం చాలా రోజులు మాట్లాడుకున్నాం.

జవాబు రచయిత్రే కనుక్కున్నారు. ఆవిడ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునే మాటల్లోంచి వచ్చింది. అమ్మాయి అమ్మమ్మ తన పసుపు కుంకుమల భూమి రెండెకరాలు మనవరాలి పేర రాసింది. ఆ చేను అబ్బాయి తండ్రి పొలానికి గట్టు కలిసి ఉంది. పైగా కాలవ తూము పక్కన ఉంది. పెద్దాయన కన్ను ఆ రెండెకరాల మీద. అంతేకాదు, అమ్మాయి తండ్రికి అప్పిచ్చింది కూడా ఆయనే.

ఇక్కడ 1938 అనే సంవత్సరం మా చేతికి అందొచ్చింది. రచయిత్రి ఆ సంవత్సరాన్ని ఎంచుకున్నది చీరల ఫ్యాషన్ చూసి. కానీ అదే ఏడాది మార్చిలో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన రైతు రుణ విమోచన చట్టం అమల్లోకి వచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు రైతు చేసిన అప్పు మీద, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు. ప్రామిసరీ నోటు, అంటే అప్పు పత్రం, ఎన్నిసార్లు తిరగరాసినా మొదట చేతికిచ్చిన సొమ్మే అసలు. అసలుకు రెట్టింపు అప్పటికే ముట్టి ఉంటే బాకీ తీరిపోయినట్టే. వడ్డీ వ్యాపారం చేసే ప్రతి పెద్ద రైతూ ఆ వేసవిలో తన నోట్ల కట్ట విప్పి తల పట్టుకున్నాడు.

దీన్ని ఆవిడకు చెప్పినప్పుడు "అంటే మామగారు పోయిన వడ్డీకి బదులుగా..." అని ఆగిపోయారు. అవును. వడ్డీ పోతోంది, భూమి వస్తోంది. అందుకే సంబంధం కుదిరింది. అబ్బాయికి ఈ సంగతి తెలుసు. అమ్మాయికి తెలియదు. అతని మౌనానికి ఇన్నాళ్లూ లేని కారణం దొరికింది. భార్య మొహంలోకి చూడటానికి అతనికి సిగ్గు. తండ్రిని కాదనే ధైర్యం అతనికి ఇంకా లేదు. "గంభీరమైన మనిషి" పోయి, తప్పులో తన భాగం తెలిసిన మనిషి వచ్చాడు. అలాంటివాణ్ణి ప్రేమించడం కష్టం కాబట్టే పాఠకులు పేజీ తిప్పుతారు.

మేనమరదలు ఆ రోజే నవల్లోంచి వెళ్లిపోయింది.

పంచాంగం, కాలవలు

మొదటి ప్రతిలో పెళ్లి 1938 జూలై రెండో వారంలో జరుగుతుంది. ఆ ఏడు జూన్ నెలాఖరు నుంచి జూలై నెలాఖరు దాకా ఆషాఢం. శూన్యమాసంలో ముహూర్తం ఎవరు పెడతారు? వెనక్కి జరిపి వైశాఖంలో, మే నెలలో పెట్టాం. దీంతో మరో ఇబ్బంది వచ్చింది. పెళ్లయ్యాక వధూవరులు అత్తవారింటికి పడవలో వెళ్లే అధ్యాయం ఒకటుంది. నవల మొత్తంలో రచయిత్రికి అదే ప్రాణం. కానీ గోదావరి కాలవలను వేసవిలో పూడిక తీయడానికి, మరమ్మతులకు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లో. మే నెలలో కాలవ అడుగున బురదే ఉంటుంది, పడవ నడవదు.

ఆవిడ రెండు వారాలు జవాబు రాయలేదు. తర్వాత వచ్చిన అధ్యాయం చూసి నాకు చాలా సంతోషమేసింది. పెళ్లివారు ఎడ్లబళ్ల మీద, ఎండలో, దుమ్ములో ఊరు చేరారు. బళ్లు రెండు కావడంతో వధూవరులు వేర్వేరు బళ్లలో ఉన్నారు. పడవ ప్రయాణం జూన్ నెలాఖరుకు మారింది. ఆషాఢంలో అత్తా కోడలూ ఒక గడప దాటకూడదని కొత్త కోడల్ని పుట్టింటికి పంపుతారు కదా, ఆ ప్రయాణం. కాలవలో కొత్తనీరు ఎర్రగా వస్తోంది. అబ్బాయి గట్టు మీద నిలబడి సామాను అందిస్తున్నాడు. పెళ్లయి నెల దాటింది, ఇద్దరూ సరిగ్గా పది మాటలు మాట్లాడుకోలేదు. పడవ కదిలాక ఆమె తకిలీ మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి చూస్తుంది. అతను అప్పటికే దాన్ని చేత్తో పట్టుకుని గట్టు వెంట నడుస్తూ వస్తున్నాడు. పాత పడవ అధ్యాయంలో రాత్రి, చుక్కలు, పాట ఉన్నాయి. కొత్తదానిలో మిట్టమధ్యాహ్నం, బురద, ఒక తకిలీ ఉన్నాయి. కొత్తదే మేలు.

ఆ తర్వాత నవల అంతా మొదటి ఏడాది పండగల వరసలో కూర్చున్నాం. ఆషాఢంలో ఎడబాటు. శ్రావణంలో మంగళగౌరి నోము మొదటి ఏడు పుట్టింట్లోనే కాబట్టి ఇంకో నెల. దీపావళికి కొత్త అల్లుడు అత్తవారింటికి రావడం. సంక్రాంతికి మళ్లీ రావడం. కొత్త దంపతుల్ని ఎప్పుడు కలపాలో, ఎప్పుడు విడదీయాలో మన ఆచారమే నిర్ణయించి పెట్టింది. రచయిత కల్పించాల్సిన పని లేదు. దీపావళి అధ్యాయం ఈ పద్ధతిలో దానంతటదే బలపడింది. అప్పులవాడు, అప్పిచ్చినవాడి కొడుక్కి కాళ్లకు నీళ్లిచ్చి పీట వేసి కూర్చోబెట్టాలి. అబ్బాయికి ముద్ద దిగదు.

ఆ ఇంటి పటం

నేను పట్టుబట్టి చేయించిన పని ఇల్లు గీయించడం. మండువా లోగిలి అని రాసి ఊరుకోకుండా, కాగితం మీద గీసి పంపమన్నాను. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం కనబడే మండువా, వీధి వైపు అరుగులు, వెనక వంటిల్లు, పెరడు, నుయ్యి. గీశాక ఏం తేలిందంటే, మొదటి ప్రతిలో రాసిన సన్నివేశాల్లో సగం ఆ ఇంట్లో జరగడానికి వీల్లేదు. పగటిపూట భార్యాభర్తలు గదిలో తలుపేసుకుని మాట్లాడుకుంటున్నారు. ఇద్దరూ కలిసి కూర్చుని భోంచేస్తున్నారు. మగవాళ్లు తిన్నాక ఆడవాళ్లు తినే ఇల్లు అది. కొత్త కోడలు అందరి తర్వాత తింటుంది. అబ్బాయి తన తండ్రి ఎదుట భార్యను పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆమె అతన్ని ఏమీ పిలవని ఇంట్లో అతను ఆమె పేరెత్తడం అప్పట్లో పెద్దవాళ్లకు ఎబ్బెట్టు. ఈ పిలుపులన్నీ మార్చాం. అతను మొదటిసారి ఆమె పేరు పలికేది నవల మూడొంతులు గడిచాక. అంత ఆలస్యం చేయడం వల్లే ఆ పిలుపుకి విలువొచ్చింది.

పడుకునే చోట్ల లెక్క వేశాం. పడమటి గది అన్నావదినలది, పిల్లలున్నారు. అత్తమామలది తూర్పు గది. మిగిలింది గాదె పక్కన కొట్టుగది ఒక్కటే. కొత్త దంపతులకు అదే ఇచ్చారు. మామగారు నోట్లూ దస్తావేజులూ దాచే భోషాణం కూడా ఆ గదిలోనే ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో గట్టి తలుపున్న గది అదే. ఇది పటం గీయకపోతే తట్టేది కాదు. వాళ్లు పడుకునే మంచం పక్కనే ఆమె తండ్రి అప్పు కాగితం ఉంది. పొద్దున్నే మామగారు గొంతు సవరించుకుంటూ వచ్చి తలుపు తట్టి, భోషాణం తెరుస్తాడు. ఈ ఒక్క ఏర్పాటు నుంచి ఎన్ని సన్నివేశాలు వచ్చాయో చెప్పలేను.

గుమ్మం బయట వసారాలో మేనత్త చాప వేసుకుంటుంది. చిన్ననాడే భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషి. మొదటి ప్రతిలో ఆవిడ సణుగుతూ నవ్వు పుట్టించే పాత్ర. నాకది నచ్చలేదు. తన జీవితంలో దాంపత్యం అంటే ఏమిటో తెలియకుండానే ముసలిదైపోయిన మనిషిని నవ్వులపాలు చేసి మనం ఏం సాధిస్తాం? రచయిత్రి ఆవిణ్ణి మళ్లీ రాశారు. ఇప్పుడు ఆవిడ తక్కువ మాట్లాడుతుంది. గదిలో చప్పుడు ఆవిడకు వినబడుతుందని లోపలి ఇద్దరికీ తెలుసు. భాద్రపదంలో ఒక రాత్రి "ఇక్కడ ఉక్కగా ఉంది" అంటూ చాప చుట్టి ఎదుటి వసారాకు మార్చుకుంటుంది. ఆ రాత్రి ఉక్క లేదు, వాన పడబోతోంది.

ఆ వానే వాళ్ల మొదటి అసలైన సంభాషణ. పెంకుటింటి మీద వాన పడితే పక్కవాళ్ల మాట వినబడదు. మండువాలోకి నాలుగు వైపుల నుంచీ నీళ్లు దుముకుతాయి. చూరు కింద గంగాళాలు, బిందెలు పెట్టడానికి ఇంటిల్లిపాదీ లేస్తారు. ఆ గందరగోళంలో ఒకే గంగాళాన్ని చెరోవైపు పట్టుకున్న ఇద్దరికి మాట్లాడుకోవడానికి ఏకాంతం దొరుకుతుంది. మొదటి రాత్రి సన్నివేశంలో పేజీలకు పేజీలున్న సంభాషణను తీసేసి, అందులో మంచివనిపించిన నాలుగు మాటలు ఇక్కడికి తెచ్చాం. మొదటి రాత్రి ఇప్పుడు ఒకటిన్నర పేజీ. అతను గుంటూరు రైలు గురించి అడుగుతాడు, ఆమె బెజవాడలో బండి మారాలని చెబుతుంది. అంతే.

భోషాణం

పాత ప్రతిలో అమ్మాయికి నిజం మేనమరదలు చెబుతుంది. రెండు పేజీల ఏడుపు. కొత్త ప్రతిలో ఎవరూ చెప్పరు. ఒక మధ్యాహ్నం మామగారు భోషాణం తెరిచి ఉండగా పాలేరు వచ్చి ఎద్దు పడిపోయిందని కేకేస్తాడు. ఆయన మూత వేయకుండా పరిగెత్తుతాడు. ఆమె గది ఊడుస్తోంది. రచయిత్రి అనుమతితో ఆ కొన్ని వాక్యాలు ఇక్కడ ఇస్తున్నాను.

"కట్ట విప్పలేదు. పైన ఉన్న కాగితం చివర, స్టాంపు మీదుగా పోయిన సంతకం చూసింది. నాన్న సంతకమే. చివరి గీత ఎప్పటిలాగే కాగితం అంచు దాకా పోయింది. మూత అలాగే ఉంచి, నేల మీద రాలిన వడ్లు ఏరుతూ కూర్చుంది. ఆ రాత్రి అతను నీళ్లు కావాలా అని అడిగితే అక్కర్లేదంది. దాహంగానే ఉంది."

దీని మీద మా ఇద్దరికీ వాదన జరిగింది. ఆమె ఏమనుకుందో ఒక పేరా రాయాలని ఆవిడ, వద్దని నేను. నేను చెప్పిందేమిటంటే, ప్రామిసరీ నోటుకు మూడేళ్లే గడువు. 1931లో రాసిన నోటు 1934లో తిరగరాశారు, 1937లో మళ్లీ రాశారు. ఆ కాగితంలోనే "ఇదివరకు వ్రాసియిచ్చిన నోటు తాలూకు అసలు వడ్డీ కలిపి" అని ఉంటుంది. ఆ వాక్యం ఆమెను చదవనివ్వండి చాలు. 1937 నోటు తన తండ్రి ఏ నెలలో రాశాడో చూస్తే, ఆ నెలలోనే తన పెళ్లి మాటలు మొదలయ్యాయని ఆమెకు తడుతుంది. పాఠకులకూ తడుతుంది. ఆలోచనలు రాయక్కర్లేదు, తేదీ చాలు. ఆవిడ చివరికి ఒప్పుకున్నారు. తేదీని ముందు అధ్యాయంలో పెళ్లిచూపుల దగ్గర ఒకసారి పలికించి ఉంచారు, అది నాకు తట్టని సంగతి.

తర్వాత ఆమె అతన్ని నిలదీయదు. అలా నిలదీస్తే నవల త్వరగా అయిపోతుంది. దీపావళి దాకా మోస్తుంది. పుట్టింట్లో, తండ్రి తన భర్తకు తాంబూలం ఇస్తుండగా, భర్త చెయ్యి వణకడం చూస్తుంది. అతనికీ అన్నీ తెలుసని అప్పుడు అర్థమవుతుంది. కోపం రెట్టింపవుతుంది. ఆ రాత్రి ఒక్క ప్రశ్న అడుగుతుంది: "మా చేను గట్టు మీరు ఎప్పుడు చూశారు?" పెళ్లికి ముందా, తర్వాతా అని. అతను అబద్ధం చెప్పడు. నా దృష్టిలో వాళ్ల పెళ్లి నిజంగా మొదలయ్యేది ఆ జవాబుతో.

లెక్క కాగితం

జ్వరం స్థానంలో ఏం పెట్టాలన్నది ఆఖరి సమస్య. అబ్బాయి మారాడని చూపించే పని ఒకటి కావాలి. రచయిత్రి మొదట అతను తండ్రితో గొడవపడి ఇల్లు వదిలి పోవడం రాశారు. సినిమాలో బాగుంటుంది. కానీ 1938లో, ఆస్తి పంపకం కాని రెండో కొడుకు, ఉద్యోగం లేనివాడు, భార్యను తీసుకుని ఎక్కడికి పోతాడు? పోయినా రెండో రోజు ఎవరింట్లో తింటాడు? అది నేల విడిచి సాము చేయడమే.

అతని చేతిలో ఉన్నవి చదువు, లెక్క. సార్వా కోతలయ్యాక, ధాన్యం అమ్మి పద్దులు చూసుకునే రోజుల్లో, అతను ఒక కాగితం తీసుకుని భార్య తండ్రి అప్పును కొత్త చట్టం ప్రకారం తిరిగి లెక్క కడతాడు. అసలు నాలుగు వందలు. నూటికి నెలకు రూపాయి వడ్డీ. 1934లో వడ్డీ కలిపి 544 అయింది. దానిమీద మళ్లీ వడ్డీ కట్టి 1937లో సుమారు 740కి నోటు రాయించారు. చట్టం ప్రకారం అసలుగా నిలిచేది నాలుగు వందలే. ఆ లెక్కను తన దస్తూరీతో రాసి, కింద సంతకం చేసి, తండ్రి పొద్దున్నే భోషాణం తీసే వేళకు నోట్ల కట్ట పైన పెడతాడు. మాటా మంతీ లేదు. తండ్రి చదువుతాడు. కొడుకు వైపు చూస్తాడు. కాగితాన్ని చింపడు, లోపల పెట్టి మూత వేస్తాడు. అంతకు మించి ఆ పెద్దాయన చేయడు. చేయకూడదు కూడా, ఆయన స్వభావం అది. సంక్రాంతికి అత్తవారింటికి వెళ్లేటప్పుడు అబ్బాయి అదే లెక్క మరో ప్రతి జేబులో పెట్టుకుని వెళ్తాడు.

ఈ అధ్యాయం రాయించడానికి ఆవిడతో కూర్చుని వడ్డీ లెక్కలు కట్టాల్సి వచ్చింది. ప్రేమ నవలకు ఇదంతా అవసరమా అని ఆవిడ ఒకసారి అడిగారు. నా ఉద్దేశంలో ఈ నవల్లో ప్రేమలేఖ అంటూ ఉంటే అది ఆ లెక్క కాగితమే. తప్పు లెక్క ఉన్న ప్రేమలేఖను ఆ అమ్మాయి నమ్మదు. ఆమె లెక్క సరిచూస్తుంది. సరిచూసిందని అతనికి తెలిసేలా, కూడిక కింద చిన్న గీత గీస్తుంది.

చిల్లర దిద్దుబాట్లు

వీటి గురించి ఎక్కువ చెప్పను, కానీ ఏ ఒక్కటి వదిలినా చదివేవారి నమ్మకం సడలుతుంది. పడవవాడికి యాభై పైసలు ఇచ్చాడని ఉంది. దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో, కాబట్టి అర్ధరూపాయి అన్నాం. బజారులో బేడ, పావలా అన్నాం. విజయవాడ బెజవాడ అయింది. స్టీలు గిన్నెలు తీసి ఇత్తడి, కంచు పెట్టాం. అరుగు మీద రేడియోలో పాట వస్తోంది. మద్రాసు ఆకాశవాణి కేంద్రం మొదలైందే 1938 జూన్ 16న, కరెంటు లేని పల్లెలో అదే ఏడాది అరుగు మీద రేడియో ఉండటం కుదరదు. దాని బదులు అబ్బాయి పత్రిక పైకి చదువుతాడు, చుట్టూ పదిమంది చేరతారు. కొత్త చట్టం సంగతి ఊరికి తెలిసింది కూడా ఆ చదువు వల్లే. రేడియో పోవడం మేలే చేసింది.

గోదావరి యాసను వర్ణనలోకి తేకుండా మాటల్లోనే ఉంచాం. ప్రతి వాక్యానికీ చివర "ఆయ్" తగిలించడం అక్కర్లేదు. ఆ ప్రాంతం వాళ్లు అలా మాట్లాడరు, వాళ్లని అనుకరించేవాళ్లే అలా మాట్లాడతారు.

నవల అచ్చయింది. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మేనత్త గురించే. ఇంత జరిగాక కూడా నాకు తృప్తి లేనిది అత్తగారి పాత్ర. మామగారిది భోషాణం, మేనత్తది చాప, అత్తగారికి మాత్రం తనదంటూ ఒక్క వస్తువు లేదు. వంటింట్లో ఉంటుంది, ఆజ్ఞలిస్తుంది, అంతకు మించి ఎవరో తెలియదు. ఆవిడ కూడా ఒకప్పుడు కొత్త కోడలిగా ఆ గడప తొక్కిన మనిషే. ఆవిడ పెళ్లి 1900 ప్రాంతంలో అయి ఉంటుంది. అప్పటికి ఆ కుటుంబం ఇంత కలిగినది కాదు, మండువా ఇంకా కట్టలేదు. మరి ఆ భోషాణం ఎవరి పుట్టింటి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న రచయిత్రికి పంపాను. రెండో ముద్రణ కోసం ఆవిడ ఆ అధ్యాయం రాస్తున్నారు. కొడుకు పెట్టిన కాగితాన్ని మామగారు చింపకపోవడానికి కారణం కూడా అందులోనే దొరకొచ్చని అంటున్నారు.